ఇల్లు కొంటున్నామా, షేర్లు కొంటున్నామా?

ప్రశ్న: మేం తొమ్మిదేళ్లుగా న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దెకుంటున్నాం. మావారి ఆఫీసు మన్‌హట్టన్‌లో, నాది ఇంటి నుంచే పని. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 1,85,000 డాలర్లు. హెచ్-1బీ మీద ఉన్నాం, ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే అర్జీ) అప్రూవ్ అయింది. బాబుకి ఆరేళ్లు. అత్తయ్యగారు ఏటా అయిదారు నెలలు మా దగ్గరే ఉంటారు. పోయిన నెల న్యూయార్క్ క్వీన్స్‌లో, జాక్సన్ హైట్స్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ ఒకటి చూశాం. 1920ల నాటి భవనం. వంటింటి కిటికీలోంచి చూస్తే లోపల పెద్ద తోట. నాకు మనసు అక్కడే ఉండిపోయింది. ధర 6,20,000 డాలర్లు, నెలకి మెయింటెనెన్స్ 1,180. మా దగ్గర లక్షన్నర ఉంది. చాలకపోతే ఒంగోలు దగ్గర స్థలం అమ్మి 40 లక్షల రూపాయలు పంపిస్తానంటున్నారు నాన్నగారు. కానీ అది కో-ఆప్ అట. మావారేమో, "అంత డబ్బు పోసి షేర్లు కొనడమేంటి? ఎవరో ఇంటర్వ్యూ చేసి సరేనంటేనే మన ఇంట్లోకి మనం వెళ్లడమేంటి? ఎడిసన్‌లోనే టౌన్‌హౌస్ కొందాం" అంటున్నారు. ఇంటర్వ్యూ అంటే నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?
— పేరు వద్దు, ఎడిసన్

జవాబు: ముందుగా మీవారికి చెప్పండమ్మా, ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. మనకు ఇల్లంటే రిజిస్ట్రేషన్. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కొన్నా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, ఫ్లాట్‌తో పాటు స్థలంలో ఇన్ని గజాల అవిభాజ్య వాటా అని కాగితం మీద రాయించుకుని వస్తాం. కో-ఆప్‌లో అదేమీ ఉండదు. భవనం మొత్తం ఒక కంపెనీది. మీరు కొనేది ఆ కంపెనీలో కొన్ని షేర్లు. ఆ షేర్లున్నాయి కాబట్టి ఫలానా నంబరు ఫ్లాట్‌లో ఉండే హక్కు మీదని కంపెనీ ఒక లీజు రాసిస్తుంది. ముంబయిలో చుట్టాలెవరైనా హౌసింగ్ సొసైటీలో ఉంటే వాళ్లను షేర్ సర్టిఫికెట్ చూపించమనండి, కొంత అర్థమవుతుంది. న్యూయార్క్‌లో ఇది వింత పద్ధతేమీ కాదు. ఇక్కడ పాత భవనాల్లో సొంత ఫ్లాట్ కావాలని వెతికితే ఎక్కువగా కనిపించేవి కో-ఆప్‌లే.

మీరు చూసిన పేట కథ కొంచెం తెలుసుకుంటే ఈ పద్ధతి ఎందుకిలా ఉందో కూడా తెలుస్తుంది. 1909లో క్వీన్స్‌బరో వంతెన తెరుచుకుంది. 1917కల్లా ఇప్పుడు మనం 7 నంబరు అంటున్న రైలు అక్కడి దాకా వచ్చింది. ఈలోగా ఎడ్వర్డ్ మెక్‌డూగల్ అనే ఆయన నడిపిన క్వీన్స్‌బరో కార్పొరేషన్ ఆ పొలాలన్నీ కొనేసి, వీధి అంచున భవనాలు, మధ్యలో ఉమ్మడి తోట వచ్చేలా బ్లాకులు కట్టింది. మీ వంటింటి కిటికీలోంచి కనిపించింది ఆ తోటే. 1920ల మొదటికే ఈ ఫ్లాట్లను కో-ఆప్ పద్ధతిలో అమ్మడం మొదలైంది. అయితే అప్పట్లో యూదులకు, నల్లజాతివారికి అమ్మేవారు కారు. ఎవరు పక్కింటివాళ్లు కావాలో ఉన్నవాళ్లే తేల్చుకునే ఏర్పాటు ఆ రోజుల్లో అలా పనిచేసింది. అదే పేటలో ఇవాళ 74వ వీధి నిండా మన చీరల కొట్లు, నగల కొట్లు, పటేల్ బ్రదర్స్. రెండు వీధులు దాటితే టిబెటన్ మోమోలు, ఇంకా ముందుకెళ్తే కొలంబియా వాళ్ల బేకరీలు. ఎవరిని రానివ్వకూడదని కట్టారో వాళ్లూ, వాళ్లు ఊహించనైనా లేని మనమూ ఆ తోటలు చూసుకుంటూ కాఫీ తాగుతున్నాం. నాకు ఆ పేట అంటే అభిమానం, దాచుకోను. 81వ వీధి, 35వ అవెన్యూ మలుపులో వీధి బోర్డు ఒకటి ఉంటుంది, ఈసారి వెళ్లినప్పుడు బాబుకి చూపించండి. స్క్రాబుల్ ఆట కనిపెట్టిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ ఆ పేటవాడే. అందుకని ఆ బోర్డు మీద అక్షరాల పక్కన చిన్నచిన్నగా ఆటలోని పాయింట్లు వేసి ఉంటాయి.

ఇక లెక్కలు. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఇక్కడే, ఇంటర్వ్యూ దగ్గర కాదు.

20 శాతం డౌన్ పేమెంట్ అనుకుందాం. 1,24,000 డాలర్లు. (భవనాన్ని నడిపేదీ, కొనేవాళ్లను ఇంటర్వ్యూ చేసేదీ కో-ఆప్ బోర్డే. కొన్ని బోర్డులు 25 అంటాయి. అది ముందే కనుక్కోవాలి.) మిగతా 4,96,000 ముప్ఫై ఏళ్ల లోన్. వడ్డీ ఆరున్నర శాతం వేసుకుంటే నెలకి 3,135 దాకా వస్తుంది. మెయింటెనెన్స్ 1,180 కలిపితే దాదాపు 4,315. మీ నెల జీతం, పన్నులు పోకముందు, 15,400. అంటే 28 శాతం. కో-ఆప్ బోర్డులు సాధారణంగా 25 నుంచి 30 లోపు ఉండాలంటాయి. కాబట్టి మీ జీతాలతో ఇబ్బంది లేదు, అంచు మీద ఉన్నా సరిపోతారు.

ఇబ్బంది మిగులు దగ్గర. క్లోజింగ్, అంటే కొనుగోలు, అయిపోయాక మీ చేతిలో ఎంత ఉంటుందని బోర్డు చూస్తుంది. చాలా చోట్ల ఏడాది ఖర్చుకి సరిపడా, కొన్ని చోట్ల రెండేళ్లకి సరిపడా నగదు ఉండాలంటారు. మీ లక్షన్నరలో 1,24,000 తీసేసి, లాయర్ ఫీజు, బ్యాంకు ఖర్చులు, బోర్డు అప్లికేషన్ ఫీజులు, మూవర్స్ అని ఒక పది వేలు పక్కన పెట్టండి. మిగిలేది పదహారు వేలు. అది నాలుగు నెలలకు కూడా రాదు. 401కే రిటైర్‌మెంట్ ఖాతాలో ఉన్నది చూపిస్తామంటారేమో, చాలా బోర్డులు దాన్ని లెక్కలోకి తీసుకోవు. బోర్డు సంగతి వదిలేయండి, హెచ్-1బీ మీద ఉన్న ఇద్దరికి, ఒకరి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దారి చూసుకోవాల్సిన ఇంటికి, నాలుగు నెలల మిగులుతో అంత లోన్ ఎత్తుకోవడం నాకు ఇష్టం లేదు.

ఎడిసన్ నుంచి వచ్చేవాళ్లు మరిచిపోయే ఖర్చు ఇంకొకటి ఉంది. మీవారు మన్‌హట్టన్‌లో పనిచేస్తారు కాబట్టి న్యూయార్క్ రాష్ట్రానికి పన్ను ఇప్పటికే కడుతున్నారు. నగరానికి మాత్రం కట్టడం లేదు, ఎందుకంటే నగరం ఆదాయపు పన్ను నగరంలో కాపురం ఉన్నవాళ్లకే. క్వీన్స్‌కి మారిన రోజు నుంచి అది మీకూ పడుతుంది. రేట్లు 3.078 నుంచి 3.876 శాతం. మీ ఆదాయానికి ఏటా ఆరు వేల డాలర్ల పైమాటే. రైలు నెలపాస్ తగ్గుతుంది, రెండో కారు అక్కర్లేదు, అది నిజమే. మీవారికి ‘E’ రైలు ఎక్కితే మిడ్‌టౌన్ ఇరవై నిమిషాల్లో వస్తుంది, రోజుకు ఇంకో రెండు గంటలు ఎక్కువగా ఇంట్లో ఉంటారు. వాటి విలువ మీరిద్దరూ కూర్చుని కట్టుకోండి. కానీ ఈ ఆరు వేలు లెక్కలో లేకుండా టౌన్‌హౌస్‌తో పోల్చకండి.

కో-ఆప్ వల్ల కలిసొచ్చేదీ చెప్తాను. న్యూయార్క్‌లో కాండో (మన అపార్ట్‌మెంట్‌లా ఫ్లాట్ మన పేరునే రిజిస్టరయ్యేది) కొంటే లోన్ రిజిస్ట్రేషన్ పన్ను కట్టాలి. మీ లోన్ సైజుకి దాదాపు 1.8 శాతం, అంటే తొమ్మిది వేల దాకా. కో-ఆప్‌కి అది లేదు. టైటిల్ ఇన్సూరెన్స్ ఖర్చూ ఉండదు. మెయింటెనెన్స్ 1,180 అంటే చూడ్డానికి ఎక్కువగా ఉంటుంది గానీ, భవనం ప్రాపర్టీ ట్యాక్స్‌లో మీ వాటా, హీటింగ్, వేడినీళ్లు, భవనం బాగోగులు చూసే సూపర్ జీతం అన్నీ సాధారణంగా అందులోనే. ట్యాక్స్, వడ్డీ భాగాలను మీ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో ఐటమైజ్ చేసుకోవచ్చు, అంటే ఖర్చు కింద తగ్గించి చూపించుకోవచ్చు.

"వడ్డీ" అన్నాను కదా, అదేంటని అడగండి. భవనం కంపెనీకి కూడా సొంతంగా అప్పు ఉంటుంది. అండర్‌లైయింగ్ మార్ట్‌గేజ్ అంటారు. మీ లోన్ వేరు, అది వేరు. ఆ అప్పు ఎంత, ఎప్పుడు రీఫైనాన్స్‌కి (పాత అప్పు తీర్చి కొత్త అప్పు తీసుకోవడానికి) వస్తుంది, అప్పుడు వడ్డీ ఎంతకు పెరుగుతుందన్నదే రేపు మీ మెయింటెనెన్స్‌ని తేలుస్తుంది. 3 శాతానికి తీసుకున్న అప్పు 6 శాతానికి మారితే ఆ తేడా అందరి ఫ్లాట్ల మీదా పడుతుంది. రెండోది రిజర్వ్ ఫండ్, మరమ్మతుల కోసం భవనం దాచుకునే డబ్బు. వందేళ్ల భవనం అమ్మా. బాయిలర్, పైకప్పు, ఇటుక సందులు, అన్నిటికీ వంతు వస్తుంది. రిజర్వ్ లేకపోతే అసెస్‌మెంట్ అని ప్రతి ఫ్లాట్ మీదా వేస్తారు. దానికి తోడు 2019లో నగరం చేసిన లోకల్ లా 97 ఉంది. 25,000 చదరపు అడుగులు దాటిన చాలా భవనాలు కార్బన్ ఉద్గారాలు తగ్గించుకోవాలి, 2030 నుంచి పరిమితులు ఇంకా బిగుస్తాయి. పాత ఆయిల్ బాయిలర్‌తో నడిచే భవనమైతే ఆ ఖర్చుకి వాళ్ల దగ్గర ప్లాన్ ఉందా అన్నది అడగాల్సిందే.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయంటే, రెండేళ్ల ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్లలో, బోర్డు మీటింగ్ మినిట్స్‌లో. న్యూయార్క్‌లో కొనేవాళ్లకు లాయర్ ఉండటం మామూలే. మినిట్స్ చదివి చెప్పడం ఆయన పని. తెలిసినవాళ్ల తమ్ముడనో, మనవాడనో కాకుండా, క్వీన్స్ కో-ఆప్‌లు రోజూ చూసే లాయర్‌ని పెట్టుకోండి. నేను మాత్రం ఇంకో చోట కూడా చూస్తాను. బేస్‌మెంట్‌లో లాండ్రీ గది ఉంటుంది. అక్కడి నోటీసు బోర్డు ముందు అయిదు నిమిషాలు నిలబడండి. మా స్నేహితురాలి కోసం ఒకసారి ఒక భవనం చూడ్డానికి వెళ్తే, ఆ బోర్డు మీద ఒకదాని మీద ఒకటి పిన్ను గుచ్చిన కాగితాలు: వేడినీళ్లు ఆపేస్తున్నామని మూడు, మూడో అసెస్‌మెంట్ గురించి ఒకటి, దాని కింద ఎవరో ఎర్ర పెన్నుతో "మళ్లీనా?" అని రాసింది. లాబీలో కొత్తగా వేసిన పాలరాయి మెరుస్తోంది. ఆ అమ్మాయి అక్కడ కొనలేదు.

లాండ్రీ గది అన్నాను కాబట్టి ఇదీ చెప్పాలి. పాత భవనాల్లో చాలా వాటిలో ఫ్లాట్‌లో వాషింగ్ మెషీన్ పెట్టనివ్వరు, పైపులు తట్టుకోలేవని. నేలలో 80 శాతం కార్పెట్ పరచాలనే నియమం చాలా చోట్ల ఉంటుంది, కింద ఇంటివాళ్లకు అడుగుల చప్పుడు పోకుండా. తెల్లవారుజామున ఇడ్లీ పిండికి గ్రైండర్ వేసే అలవాటుంటే ఆ సంగతీ ఆలోచించుకోండి. వంటిల్లు ఆగ్నేయానికి మార్చాలనో, బాత్‌రూమ్ జరపాలనో అత్తయ్యగారు అంటే అది అయ్యే పని కాదు. కింద ఇంటివాళ్ల పడకగది మీదకు మీ వంటిల్లు, బాత్‌రూమ్ రాకూడదని దాదాపు అన్ని బోర్డులూ పట్టుబడతాయి. ఈశాన్యం మూల పూజామందిరం పెట్టుకోవచ్చు, గోడ పగలగొట్టనక్కర్లేదు కదా. ధూపం వేసేటప్పుడు స్మోక్ అలారం కింద మాత్రం వద్దు.

చారిత్రక పేట కాబట్టి ఇంకో కట్టు ఉంది. 1993లో నగర ల్యాండ్‌మార్క్స్ కమిషన్ జాక్సన్ హైట్స్‌లో చాలా భాగాన్ని హిస్టారిక్ డిస్ట్రిక్ట్‌గా ప్రకటించింది. మీ భవనం ఆ గీత లోపలుంటే బయటికి కనిపించే ఏ మార్పుకైనా కమిషన్ అనుమతి కావాలి. కిటికీలు మార్చాలన్నా, ఏసీకి గోడలో కన్నం పెట్టాలన్నా. లోపల మీ గదులు మీ ఇష్టం, బోర్డు ఒప్పుకుంటే. దీన్ని కొందరు తలనొప్పి అంటారు. నేననను. ఆ అనుమతుల వల్లే ఆ ఇటుక గోడలు, ఆ తోటలు వందేళ్ల తర్వాత కూడా మీ కంట పడ్డాయి.

తోట గురించి మాత్రం ఒక మాట, బాబుకి ఆరేళ్లన్నారు కాబట్టి. చాలా భవనాల్లో ఆ తోట చూడ్డానికే. పిల్లలు పరిగెత్తడానికి, బంతి ఆడటానికి వీల్లేదు. కొన్ని చోట్ల ఏడాదిలో కొన్ని రోజులే తెరుస్తారు. మీ మనసు పడింది ఆ తోట మీదే కాబట్టి దాని రూల్స్ కాగితం మీద చూపించమని అడగండి. అక్కడ ఆడనివ్వకపోయినా నష్టం లేదు. 34వ అవెన్యూని 2020 నుంచి 26 బ్లాకుల పొడవునా పగలు కార్లు లేకుండా మనుషులకు వదిలేశారు. బాబు సైకిల్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు నగరంలో కష్టం.

ఇప్పుడు ఇంటర్వ్యూ. బోర్డులో ఉండేది అదే భవనంలో కాపురముంటున్నవాళ్లు. రిటైరైన టీచరో, నర్సో, అకౌంటెంటో. మీ ఫైలు ముందే చదివి ఉంటారు. ఇంటర్వ్యూ దాకా పిలిచారంటే లెక్కలు చాలావరకు నచ్చినట్లే. వాళ్లు కారణం చెప్పకుండా కాదనొచ్చు, అది నిజం. కానీ మతం, జాతి, పుట్టిన దేశం, పిల్లలు, వీసా స్థితి చూసి కాదనడానికి నగరం చట్టం ఒప్పుకోదు. అడిగిందానికి చిన్న జవాబు చెప్పండి. ఆ గోడ పడగొడతాం, ఈ కిటికీ మారుస్తాం అని అక్కడ చెప్పకండి. అత్తయ్యగారి గురించి అడిగితే దాచకండి, "మావారి అమ్మగారు, ఏటా కొన్ని నెలలు మాతో ఉంటారు" అనండి. దగ్గరి కుటుంబ సభ్యులను ఇంట్లో ఉంచుకోవడానికి న్యూయార్క్ చట్టమే అండగా ఉంది. బోర్డు కాదంటే, మీ తప్పు లేనంతవరకు, కాంట్రాక్ట్ మీద కట్టిన 10 శాతం డిపాజిట్ వెనక్కి వస్తుంది. ఆ నిబంధన, లోన్ రాకపోతే తప్పుకునే నిబంధన, రెండూ కాంట్రాక్ట్‌లో ఉన్నాయో లేదో సంతకానికి ముందు లాయర్‌తో చదివించుకోండి.

మమ్మల్నీ ఒక బోర్డు కాదంది. చాలా ఏళ్ల కిందటి మాట. రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది. మా రంగు చూసి కాదన్నారని ఆ రాత్రంతా ఏడ్చాను. తర్వాత మా ఫైలు తీసి మా లాయర్ చూపించాడు: అప్లికేషన్‌కి నెల ముందు మా ఖాతాలో మూడు పెద్ద మొత్తాలు పడ్డాయి. ఒకటి మా అన్నయ్య పంపింది, రెండు స్నేహితుల దగ్గర తెచ్చినవి. సొంత డబ్బు ఎంతో, అప్పు ఎంతో చూసేవాళ్లకు తెలియలేదు. అసలు కారణం అదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ ఫైలు నా ముందుకొచ్చి ఉంటే నేనూ ఒప్పుకునేదాన్ని కాదు.

అందుకే మీ నాన్నగారి డబ్బు గురించి ఇంత చెప్తున్నాను. నా మట్టుకు నాకు ఆ స్థలం అమ్మించడం ఇష్టం లేదు. ఆయన ఇస్తాననడం ఆయన ప్రేమ. కానీ ఆ నలభై లక్షలు ఇల్లు కొనడానికి కాదు, బోర్డుకు మిగులు చూపించడానికి పోతుంది. మీరిద్దరూ ఇంకో ఏడాది, ఏడాదిన్నర గట్టిగా కూడబెడితే అంత మీరే చేర్చగలరు. రెండు బెడ్‌రూముల ఫ్లాట్లు ఆ పేటలో వస్తూనే ఉంటాయి. అయినా ఆయన పంపి తీరతానంటే ఇలా చేయండి. ఒకేసారి ఒకరి పేరున పంపితే ఆ ఆర్థిక సంవత్సరంలో పది లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. రిటర్న్ వేస్తే సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆరు లక్షలు ఇరుక్కుంటాయి. అమ్మగారి పేరున, నాన్నగారి పేరున చెరో పది లక్షలు మార్చిలో, మళ్లీ చెరో పది ఏప్రిల్‌లో పంపితే ఆ బాధ ఉండదు. అక్కడ సీఏతో ఒకసారి మాట్లాడమనండి, స్థలం అమ్మిన లాభం మీద పన్ను కూడా ఉంటుంది. ఇక్కడ అది బహుమతి, అప్పు కాదు అని గిఫ్ట్ లెటర్ రాయించుకోండి. అప్లికేషన్‌కి రెండు మూడు నెలల ముందే డబ్బు ఖాతాలో ఉండాలి. గిఫ్ట్ డబ్బు ఒప్పుకోని బోర్డులూ ఉన్నాయి, అది బ్రోకర్ ద్వారా ముందే తెలుసుకోండి.

చివరిగా, మీరు ఉత్తరంలో రాయనిది ఒకటి అడుగుతాను. రేపు గ్రీన్‌కార్డ్ విసిగించి ఇండియా వెళ్లిపోదామనుకుంటే ఈ ఫ్లాట్ అద్దెకిచ్చుకుంటామన్న ఆలోచన ఏ మూలైనా ఉందా? ఉంటే ఇది కొనొద్దు. కో-ఆప్‌లలో రెండేళ్లు కాపురముంటే గానీ సబ్‌లెట్‌కి ఒప్పుకోకపోవడం, ఒప్పుకున్నా అయిదేళ్లలో రెండేళ్లకు మించి కుదరదనడం మామూలు. అసలే వద్దనే బోర్డులూ ఉన్నాయి. అమ్మేటప్పుడు ఫ్లిప్ ట్యాక్స్ అని భవనానికి కొంత కట్టాల్సి రావచ్చు. అద్దె ఆదాయం కోసమైతే మీవారన్న టౌన్‌హౌసే నయం. కనీసం ఏడేళ్లు అక్కడే ఉంటాం, బాబు అక్కడే పెరుగుతాడు, మావారు సాయంత్రం ఆరున్నరకి ఇంట్లో ఉంటారు అనుకుంటే మాత్రం, మీ మనసు అక్కడ ఉండిపోవడంలో తప్పు లేదు.

అమ్మేవాళ్లు తొందరపెడుతున్నా ఈ వారం సంతకం పెట్టకండి. భవనం అప్పు ఎంత, ఏ ఏడాదిలో రీఫైనాన్స్‌కి వస్తుంది, రిజర్వ్‌లో ఎంతుంది, క్లోజింగ్ తర్వాత ఎన్ని నెలల మిగులు అడుగుతారు. ఈ నాలుగు అంకెలు బ్రోకర్ చేత మెయిల్‌లో రాయించుకుని నాకు పంపండి. మళ్లీ కలిసి చూద్దాం.